కలిసి బతికే చిన్న చేపలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఒకదాని జోలికి ఒకటి పోని చిన్న మంచినీటి చేపలను ఇంటి అక్వేరియంలో కలిపి పెంచుకోవడం గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాను. ఒకే సంగతిని అడిగిన ఉత్తరాలను ఒక్కటిగా కలిపాను.

ప్రశ్న: రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టె కొని, బిగించిన రోజునే గప్పీలు, మోలీలు, టెట్రాలు, రెండు గోల్డ్ ఫిష్‌లు కలిపి ఇరవై చేపలు వేశాము. మూడో రోజుకల్లా నీరు తెల్లగా మసకబారింది. దుకాణదారు సలహా ప్రకారం నీరంతా పారబోసి, గులకరాళ్లనూ ఫిల్టర్ స్పాంజినీ కుళాయి కింద రుద్ది కడిగి మళ్లీ నింపాము. అయినా వారం తిరిగేసరికి సగానికి పైగా చచ్చిపోయాయి. ఇంత శుభ్రంగా ఉంచినా ఎందుకిలా జరుగుతోంది?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మీరు కడిగిన కడగడమే వాటి ప్రాణం మీదికి తెచ్చింది. చేప మొప్పల నుంచీ, దాని మలం నుంచీ, తినగా మిగిలి అడుగున కుళ్లిన మేత నుంచీ అమోనియా పుడుతుంది. అది కంటికి కనబడదు, నీరు అద్దంలా మెరుస్తున్నా అందులో చేపను చంపేటంత అమోనియా ఉండవచ్చు. పాతబడిన తొట్టెలో ఒక రకం బాక్టీరియా ఈ అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, అది చేప రక్తానికి ఆక్సిజన్‌ను మోసే శక్తి లేకుండా చేస్తుంది. దానిని మరొక రకం బాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ చివరిది మితంగా ఉన్నంతవరకు చేపలు తట్టుకోగలవు. మొక్కలు కొంత పీల్చుకుంటాయి, మిగిలినది మనం వారానికొకసారి మార్చే నీటితో పోతుంది. ఈ బాక్టీరియా నీటిలో తేలుతూ ఉండేది తక్కువ. ఫిల్టర్ స్పాంజినీ, గులకరాళ్లనూ, గాజునూ అంటిపెట్టుకుని బతుకుతుంది. కొత్త తొట్టెలో అది తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అది మొదలు పెట్టీ పెట్టకముందే మీరు క్లోరిన్ ఉన్న కుళాయి నీటితో స్పాంజిని కడిగేశారు కనుక కథ మళ్లీ మొదటికి వచ్చింది. నీరు తెల్లబడటం వేరే బాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల కలిగేది, మేత తగ్గించి ఊరుకుంటే కొద్ది రోజుల్లో దానంతటదే తేరుకుంటుంది.

ఇప్పుడు మిగిలినవాటిని దక్కించుకోవాలంటే రెండు రోజులకొకసారి చిటికెడు మేత మాత్రమే వేయండి. రోజూ పావు వంతు నీరు తీసి, అంతే నీరు పోయండి. పోసే నీటిని ముందుగా వెడల్పు మూతి బకెట్టులో ఒక పగలు ఒక రాత్రి తెరిచి ఉంచాలి, లేదా దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన మోతాదులో కలపాలి. స్పాంజి మరీ మూసుకుపోతే, తొట్టెలోంచి తీసిన నీటిలోనే రెండుసార్లు పిండి తిరిగి పెట్టేయండి. మీ ఎరికలో ఎవరింటనైనా ఏడాదిగా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టె ఉంటే, వారి పాత స్పాంజిలో ఒక ముక్క అడిగి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టడం అన్నింటికంటే దగ్గరి దారి; తెచ్చేటప్పుడు అది ఆరిపోకుండా వారి తొట్టె నీటిలోనే ఉంచాలి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని గుటకలు వేస్తూ, మొప్పల అంచులు ఎర్రగా కందినట్టు కనిపిస్తే ఆ పూట మరికొంత నీరు మార్చవలసిందే.

మీ తొట్టె లెక్క కూడా చూడండి. రెండు ఘనపుటడుగులంటే 57 లీటర్లకు కొంచెం తక్కువ. గులకరాళ్లు పోసి, పైన రెండంగుళాలు వెలితి ఉంచితే మిగిలే నీరు 45 లీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. దానికి ఇరవై చేపలు, అందులో రెండు గోల్డ్ ఫిష్‌లు, చాలా ఎక్కువ. గోల్డ్ ఫిష్ చల్లని నీటి చేప, అరడుగు దాటి పెరుగుతుంది, మలం కూడా ఎక్కువ. దానిని ఈ గుంపులోంచి తప్పించి దుకాణానికే తిరిగి ఇచ్చేయడం మంచిది. ఆరు వారాలు గడిచాక, అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా అని పరీక్ష కిట్ చూపినప్పుడు, ఒక్కో విడతకు నాలుగైదు చొప్పున చిన్న చేపలను చేర్చుకోవచ్చు.

ప్రశ్న: మా ఇంట బోరు నీరే వాడకం. కాచిన గిన్నెలకు తెల్లని పొర కడుతుంది. మా అమ్మాయికి నియాన్ టెట్రాలంటే ఇష్టం, కానీ తెచ్చిన ప్రతిసారీ నెల తిరగకుండానే ఒక్కొక్కటిగా పోతున్నాయి. వేసవిలో తొట్టె నీరు బాగా వేడెక్కుతుంది కూడా. బాదం ఆకు వేస్తే నీరు మెత్తబడుతుందని ఎవరో చెప్పారు. నిజమేనా?
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: నియాన్ టెట్రా స్వస్థలం దక్షిణ అమెరికాలోని అమెజాన్ ఎగువ ఉపనదులు. అడవి ఆకులు నాని గోధుమరంగు తిరిగిన, ఖనిజ లవణాలు దాదాపు లేని, కొంచెం ఆమ్లగుణం గల నీరు అది. దుకాణాలకు వచ్చేవి పెంపకం కేంద్రాల్లో పుట్టినవి కనుక ఒక మాదిరి గట్టిదనాన్ని ఓర్చుకుంటాయి గానీ, గిన్నెకు పొర కట్టేటంతగా లవణాలున్న గట్టి నీటిలో, పైగా 30 డిగ్రీలు దాటిన వేడిలో, అవి ఎంతోకాలం నిలవవు.

మీ నీరు ఎంత గట్టిదో తెలుసుకోవడం సులువే. ఇంటికి వాటర్ ఫిల్టర్ సర్వీసు చేయడానికి వచ్చే కుర్రవాని దగ్గర, నీటిలో కరిగి ఉన్న లవణాలను అంకెల్లో చూపే టీడీఎస్ మీటరు ఉంటుంది, బోరు నీటినీ ఆర్‌ఓ నీటినీ దానితో చూపించమనండి. ఉదాహరణకు బోరు నీటికి 800, ఆర్‌ఓ నీటికి 30 వచ్చిందనుకోండి. ఒక పాలు బోరు నీరు, మూడు పాళ్లు ఆర్‌ఓ నీరు కలిపితే సుమారు 220 అవుతుంది, టెట్రాలకు అది ఫరవాలేదు. ఉత్త ఆర్‌ఓ నీరు మాత్రం పోయవద్దు, చేపకూ మొక్కకూ కొంత లవణం అవసరమే. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే వృథా నీరు మీ బోరు నీటికంటే గట్టిదని మరవవద్దు. ఇంకొక సంగతి చాలామంది పట్టించుకోరు: వేసవిలో తొట్టె నీరు ఆవిరైపోయినప్పుడు లవణాలు ఆవిరి కావు, తొట్టెలోనే ఉండిపోతాయి. తగ్గిన మేరకు మళ్లీ బోరు నీరే పోస్తూ పోతే వారం వారం నీరు మరింత గట్టిపడుతుంది. ఆవిరైన లోటును ఆర్‌ఓ నీటితోనే భర్తీ చేయండి.

బాదం ఆకు మాట సగం నిజం. బడి ఆవరణల్లోనూ రోడ్ల పక్కనా నీడ కోసం పెంచే బాదం చెట్టు ఆకులు ఎర్రబడి రాలి ఎండాక, దుమ్ము కడిగి నలభై లీటర్లకు ఒక ఆకు చొప్పున వేస్తే, రెండు మూడు రోజుల్లో నీరు లేత టీ రంగుకు తిరుగుతుంది. ఆకులోని టానిన్లు నీటికి కొంచెం ఆమ్లగుణాన్నిస్తాయి, బూజు తెగుళ్లను కొంతవరకు అదుపు చేస్తాయి, మెత్తని నీటి చేపలు ఆ మసక వెలుగులో బెదురు తగ్గి తిరుగుతాయి. అయితే గట్టి నీటిలోని సున్నాన్ని ఆకు తీసివేయలేదు. రంగు మారినంత మాత్రాన నీరు మారిందనుకోకూడదు.

నన్నడిగితే, ఈ కలపడాలూ కొలవడాలూ ప్రతివారం చేసే ఓపిక లేనివారు నీటిని మార్చే కంటే చేపలను మార్చుకోవడమే మేలంటాను. గప్పీలు, ప్లాటీలు, మోలీలు గట్టి నీటిలోనే హాయిగా ఉంటాయి, మన వేడిని కూడా టెట్రాలకంటే బాగా ఓర్చుకుంటాయి. ప్లాటీలను ఒక మగదానికి రెండు మూడు ఆడవాటి చొప్పున పెట్టాలి, లేకపోతే మగవి ఆడవాటిని ఊపిరి తీసుకోనివ్వవు. ఇవి గుడ్లు పెట్టక పిల్లలనే కంటాయి, ఒక్కసారి మగదానితో కలిసిన ఆడది ఆ వీర్యాన్ని దాచుకుని నెలకొకసారి చొప్పున చాలా నెలలు ఈనగలదు. పిల్లల బెడద వద్దనుకునేవారు ఆరేడు మగ గప్పీలను మాత్రమే పెట్టుకుంటే రంగులకు రంగులూ ఉంటాయి, సంఖ్యా పెరగదు.

వేడి సంగతి. లీటరు నీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర కరిగేది ఏడున్నరే. అదే సమయంలో చేప శరీరం అడిగే ఆక్సిజన్ పెరుగుతుంది. అందుకని ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఎయిర్ పంప్ రాత్రీ పగలూ ఆడాలి. గాజు మూత తీసి దోమతెర గుడ్డ కప్పి, నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు డిగ్రీల దాకా తగ్గుతుంది. ఉక్కపోత రోజుల్లో ఆవిరి తక్కువ కనుక అంత ఫలితం ఉండదు. ఐసు ముక్కలు వేయవద్దు; వేడికంటే వేడి చలువల మధ్య ఊగిసలాట చేపకు చేటు.

ప్రశ్న: నాలుగు ఏంజెల్ చేపలు, పది టెట్రాలు, గాజు శుభ్రం చేస్తుందని ఒక సక్కర్ ఫిష్ తెచ్చాము. ఏంజెల్‌లు పెరిగాక టెట్రాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. సక్కర్ అడుగు పొడవైంది. దానిని మా ఊరి చెరువులో వదిలేయవచ్చా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: వదలకూడదు. ఈ చేప ఇప్పటికే మన రాష్ట్రంలో చాలా చెరువుల్లోనూ కాలువల్లోనూ చేరి, గట్లకు బొరియలు చేస్తూ, ముళ్ల రెక్కలతో వలలను చింపుతూ జాలర్లకు తలనొప్పిగా తయారైంది. గాజు మీది పాచిని అది చిన్నప్పుడే కాస్త తింటుంది, పెరిగాక చేసే శుభ్రం కంటే చేసే మలమే ఎక్కువ. దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టె ఉన్నవారికి ఇవ్వండి. టెట్రాలు ఏంజెల్ కడుపులోకే పోయాయి. నోట్లో పట్టేదేదైనా దానికి మేతే. ఈ సందర్భంలోనే చెప్పాలి: టైగర్ బార్బ్ తోకలు కొరుకుతుంది, మగ ఫైటర్ చేప గప్పీల పొడుగు తోకలను చూసి మరో ఫైటర్ అనుకుని మీద పడుతుంది. దుకాణంలో అన్నీ ఒకే తొట్టెలో తిరుగుతున్నాయంటే అవి అక్కడ రెండు రోజులుండి పోయే పిల్లలు కాబట్టి.

ప్రశ్న: మాది పలాస. తిత్లీ తుపాను నాడు రోజుల తరబడి కరెంటు లేక మా తొట్టెలో చేపలన్నీ పోయాయి. ఇప్పుడు మళ్లీ పెట్టాలనుకుంటున్నాము. తుపాను కాలంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. మన తీరంలో అక్టోబరు, నవంబరు నెలలకు ముందే సిద్ధంగా ఉండటం తప్పదు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి, దానికి సరిపడా సెల్స్ ఇంట్లో ఉంచండి. ఇన్వర్టర్ ఉన్నవారు ఎయిర్ పంప్‌ను మాత్రమే దానికి కలపాలి. అది తీసుకునేది నాలుగైదు వాట్లే కనుక ఫ్యాను మానుకుంటే ఎంతోసేపు వస్తుంది. ఏదీ లేకపోతే గంటకొకసారి చెంబుతో తొట్టె నీరు ముంచి, జానెడు ఎత్తు నుంచి అదే తొట్టెలో పది పదిహేను సార్లు పోయండి, నీటి పైపొర కదిలితే గాలి కలుస్తుంది. కరెంటు లేనన్నాళ్లూ మేత పూర్తిగా ఆపేయండి. పెద్ద చేప వారం రోజులు తినకపోయినా చావదు, చిన్న చేప నాలుగైదు రోజులు నిశ్చింతగా ఉంటుంది.

మూసిన డబ్బా లాంటి ఫిల్టర్ ఉన్నవారికి మరొక మాట. నీటి ప్రవాహం ఆగిన కొన్ని గంటల్లోనే అందులోని బాక్టీరియా ఊపిరాడక చచ్చి కుళ్లడం మొదలుపెడుతుంది. కరెంటు రాగానే స్విచ్చు వేస్తే ఆ కుళ్లు నీరంతా తొట్టెలోకి వస్తుంది. కరెంటు పోయిన కాసేపటికే స్పాంజిని తీసి తొట్టె నీటిలో వేలాడదీయడం, కరెంటు వచ్చాక డబ్బాను కడిగి స్పాంజిని మళ్లీ బిగించడం సరైన పద్ధతి. తుపాను వెళ్లాక నీటి సరఫరాలోనూ బావుల్లోనూ బ్లీచింగ్ పౌడర్ మామూలు కంటే ఎక్కువ వేస్తారు. ఆ పది పదిహేను రోజులూ బకెట్టులో నిలవ ఉంచడంతో సరిపెట్టుకోక, యాంటీ క్లోరిన్ తప్పక కలపండి. అన్నింటికీ మించి, చేపలు పలుచగా ఉన్న తొట్టె గండం గడుస్తుంది, కిక్కిరిసినది గడవదు.

ప్రశ్న: దసరాకూ, ఆ తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికీ మా ఇంటికి చుట్టాలు చాలామంది వస్తారు. పిల్లలందరికీ చేపలకు మేత వేయడమంటే సరదా. పండుగ అయిన మర్నాడు నీరు వాసన వస్తుంది. వారిని ఆపలేము, ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పిల్లలను కోప్పడనక్కరలేదు, డబ్బాను దాచేస్తే చాలు. ఉదయమే ఆ రోజు వేయవలసిన మేతను, అంటే చేపలు రెండు నిమిషాల్లో తినేసేటంత మేతను, ఒక చిన్న కాగితం పొట్లంలో కట్టి ఉంచండి. ఎవరు వేసినా ఆ పొట్లంలోదే వేయాలి, అది అయిపోతే ఆ రోజుకు మేత అయిపోయినట్టే. మనం గాజు దగ్గరికి వెళ్లినప్పుడల్లా చేపలు ముందుకు వచ్చి తోకలాడించడాన్ని ఆకలి అనుకుంటాము, అది అలవాటు మాత్రమే. మరమరాలు, అన్నం మెతుకులు, పండుగ పిండివంటల పొడి తొట్టెలో పడకుండా చూడండి. ఒకవేళ పడితే అడుగున చేరినదాన్ని సన్నని గొట్టంతో పీల్చి తీసి, మూడో వంతు నీరు మార్చండి. మర్నాడు మేత మానేయండి. వారంలో ఒక రోజు ఉపవాసం చేపలకు మంచిదే.

ప్రశ్న: డిసెంబరులో మా ప్లాటీల ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లని చుక్కలు వచ్చాయి. మందు వేస్తే రెండు రోజుల్లో చుక్కలు పోయాయి, వారానికి మళ్లీ వచ్చాయి.
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: ఇది ఇక్ అనే పరాన్నజీవి. చుక్కగా కనిపించేటప్పుడు అది చేప చర్మం కింద ఉంటుంది, మందు దానిని తాకలేదు. తరువాత రాలి అడుగున చేరి, వందల పిల్లలుగా విడిపోయి, మళ్లీ చేపను వెతుక్కుంటూ నీటిలో ఈదుతుంది. చచ్చేది ఆ ఈదే దశలోనే. అందుచేత చుక్కలు పోయాక కూడా పది పద్నాలుగు రోజులు చికిత్స ఆపకూడదు. రాత్రి చలికి నీటి వేడి ఒక్కసారిగా పడిపోవడం దీనికి సాధారణంగా తొలి మెట్టు. చిన్న హీటర్ పెట్టి రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 29 దాకా పెంచి, ఎయిర్ పంప్ జోరు పెంచండి. లీటరుకు రెండు గ్రాముల చొప్పున రాళ్ల ఉప్పును, మీకు దగ్గరలోని నౌపడ ఉప్పుమళ్లలో పండినదైనా సరే, చెంబు నీటిలో పూర్తిగా కరిగించి మూడు విడతలుగా రెండు రోజుల్లో కలపండి. ప్లాటీలు ఉప్పును బాగా ఓర్చుకుంటాయి. అడుగున తిరిగే కోరీడోరాస్ చేపలు, చాలా రకాల నీటి మొక్కలు ఓర్చుకోలేవు, అవి ఉంటే ప్లాటీలను వేరే టబ్బులోకి మార్చి అక్కడ ఉప్పు వైద్యం చేయడం మేలు.

ప్రశ్న: మా ఊరి కాలువల్లో, చెరువుల్లో వెండిలా మెరిసే చిన్న చిన్న పరిగెలు ఎన్నో ఉంటాయి. డబ్బు పెట్టి విదేశీ చేపలు కొనే బదులు వీటినే పెంచుకోకూడదా? మా మనవడు ఎర్రటి చేపపిల్లల గుంపును పట్టి తెచ్చాడు, చాలా అందంగా ఉన్నాయి.
– ఒక విశ్రాంత ఉద్యోగి, రాజాం

జవాబు: మీ మనవడు తెచ్చినవి కొర్రమీను పిల్లలు కావచ్చు. అవి చిన్నప్పుడు నారింజ ఎరుపు రంగులో, నీటి పైన గుంపుగా, తల్లిదండ్రుల కాపలాలో తిరుగుతాయి. నెలల్లో రంగు పోయి, తొట్టెలో ఉన్న ప్రతి చేపనూ మింగుతాయి. వాటిని పట్టిన చోటనే, ఈ రోజే, తిరిగి వదిలేయమనండి.

మిగిలిన మీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. మన నీటికీ మన ఎండకూ పుట్టుకతోనే అలవాటు పడిన చేపలు ఇక్కడివే. వెండి ఒంటి మీద తల నుంచి తోక దాకా నల్లని చార ఉన్న రాస్బోరా డానికోనియస్, నడుము దాటి సాగే పొడవైన మీసాలు గల ఎసోమస్, తోక మొదట్లో నల్లని చుక్క ఉన్న చిన్న పుంటియస్ జాతులు, ఒళ్లు అద్దంలా ఉండి లోపలి వెన్నెముక కనిపించే పరంబాసిస్ రంగా, ఇవన్నీ మన దేశపు మైదాన ప్రాంతాల చెరువుల్లో, వరిచేల కాలువల్లో మామూలుగా ఉండేవే. నీటి పైపొరను అంటిపెట్టుకుని, నడినెత్తి మీద వెండి బొట్టుతో తిరిగే పాంచాక్స్ అనే చేప దోమ పిల్లలను ఏరి తింటుంది, అయితే మరీ సన్నని చేపపిల్లలను కూడా తింటుంది. దుకాణాల్లో దొరికే జీబ్రా డానియో, తేనె గౌరామి కూడా విదేశీ చేపలు కావు. గంగా, బ్రహ్మపుత్రా పరీవాహకాలవి, వీటిని 1822లోనే ప్రకృతి శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ హామిల్టన్ శాస్త్రీయంగా వర్ణించాడు. ఇప్పుడు అవి ఫారాల్లో పెరిగి మనకు వస్తున్నాయి.

పట్టి తెచ్చిన చేపలతో చిక్కులు కూడా ఉన్నాయి. చేపల రైతులు పేను అని పిలిచే ఆర్గులస్, చర్మంలోకి గుచ్చుకునే యాంకర్ పురుగు వీటితో పాటు రావచ్చు. వలతో కాక బుట్టతోనో గుడ్డతోనో మెల్లగా పట్టి, ఎనిమిది పది చేపలకు మించకుండా తెచ్చి, మూడు నాలుగు వారాలు విడి టబ్బులో గాలి గొట్టం పెట్టి ఉంచండి. రోజూ ఒకసారి చేపను పక్క నుంచి వెలుగులో చూడండి: పొలుసుల మీద గుండ్రని, పారదర్శకమైన, కదిలే మచ్చ ఉంటే పేను, దారపు పోగులా వేలాడుతుంటే యాంకర్ పురుగు. పొలాల్లో పురుగుమందు కొట్టిన వారంలో కాలువ నీటిలో పట్టవద్దు. కాలువ నీటిని తొట్టెలో పోయవద్దు, అక్కడి హైడ్రిల్లా అనే నీటి మొక్క తీగను వేయాలనుకుంటే రెండు మూడు నీళ్లలో జాడించి, జలగలూ తూనీగ పిల్లపురుగులూ లేవని చూసి వేయండి. తూనీగ పిల్లపురుగు ఒక్కటి మిగిలినా చిన్న చేపపిల్లలను ఒక్కొక్కటే తినేస్తుంది.

ఇవన్నీ గుంపులో బతికే చేపలు కాబట్టి ఒక్కో జాతివి ఆరుకు తక్కువ కాకుండా ఉండాలి. ఒకటీ రెండూ తెస్తే మూల నక్కి మేతకు కూడా రావు. ఇవి గెంతడంలో దిట్టలు, తొట్టె పైన సన్నని వల తప్పక బిగించండి. మూడడుగుల పొడవుకు తక్కువైన తొట్టెలో ఇంత చురుకైన చేపలను పెట్టవద్దు. మొదటి వారం అవి పొడి మేతను ముట్టకపోవచ్చు, ఇంటి వెనుక నీళ్ల తొట్టెలో దొరికే దోమ పిల్లలను వడగట్టి, మంచినీటిలో జాడించి వేస్తే తింటాయి. వాటితో పాటు రోజూ కొద్దికొద్దిగా పొడి మేత చూపిస్తూ పోతే పదిహేను రోజుల్లో దానికి కూడా అలవాటు పడతాయి.